‘ఇంటికెప్పుడు పోదాం?’ అని రోజూ అడిగే బిడ్డకు ఏం చెప్పాలి

ప్రశ్న: అక్కా, మాది నల్గొండ. పానగల్లు వైపు అత్తమామలతో కలిసి, జామచెట్టున్న సొంతింట్లో ఉండేవాళ్లం. మా ఆయనకు ట్రాన్స్‌ఫర్ కావడంతో జూన్ మొదట్లో మహబూబ్‌నగర్ వచ్చాం. మేడమీద రెండు గదుల కిరాయి ఇల్లు, బాత్రూమ్ బయట మెట్ల పక్కన. పాప ఏడో తరగతి, గవర్నమెంట్ స్కూల్లో చేర్పించాం. బాబుకు ఐదేళ్లు. వచ్చే రోజు సామాను డీసీఎంలో ఎక్కించేసరికి రాత్రయింది. బాబు అప్పటికే నిద్రపోయాడు, అట్లాగే ఎత్తుకొచ్చి కార్లో పడుకోబెట్టాం. ఏడుస్తాడని ‘రెండు రోజులుండి వచ్చేద్దాం’ అని ముందు రోజే చెప్పి పెట్టాం. ఇప్పటికీ పొద్దున లేవగానే ‘ఇంటికెప్పుడు పోదాం’ అంటాడు. మూడేళ్లకే పక్క తడపడం మానేసినవాడు మళ్లీ తడుపుతున్నాడు. నా కొంగు పట్టుకుంటే గానీ పడుకోడు, మధ్యలో రెండుసార్లు లేచి చూసుకుంటాడు. పాప ఏడవదు, అడగదు. ఫోన్లో పాత ఫ్రెండ్స్‌తో తప్ప ఎవరితో మాట్లాడదు. టీసీ ఇంకా రాలేదని క్లాసులో రోజూ లేపి అడుగుతున్నారట. మా అత్తమ్మ రోజూ రాత్రి వీడియో కాల్ చేసి ‘నువ్వు లేక ఇల్లు బోసిపోయింది నాన్నా’ అని ఏడుస్తుంది. ఈ ఏడాదికి చిన్నోణ్ణి తన దగ్గరే ఉంచమంటోంది. దసరాకు ఊరికి తీసుకెళ్తే మళ్లీ రానని మొండికేస్తాడేమోనని భయం. మా ఆయన ఇంటికొచ్చేసరికి తొమ్మిదవుతుంది. నాకూ ఇక్కడ ఎవరూ తెలియదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో మీరు మామూలు సంగతిలా రాసి వదిలేసిన ముక్క ఒకటుంది. నాకు అసలు చిక్కంతా అక్కడే కనిపించింది. బాబు నిద్రలో ఉండగా తీసుకొచ్చారు. వాడి వైపు నుంచి ఒకసారి చూడండి. రాత్రి నాయనమ్మ పక్కన, తెలిసిన మంచం మీద పడుకున్నాడు. పొద్దున కళ్లు తెరిస్తే తెలియని గోడలు. జామచెట్టు లేదు, తాత లేడు. మధ్యలో దారే లేదు. ఆ తర్వాత వాడు నిద్రకు భయపడడంలో వింత ఏముంది? కళ్లు మూస్తే ఈసారి ఎక్కడ తేలతానో అన్నదే వాడి టెన్షన్. కొంగు పట్టుకునేది అందుకే, మధ్యలో లేచి చూసుకునేదీ అందుకే. పెద్దవాళ్లం మనకు ఇల్లు మారడమంటే అడ్వాన్సు కట్టడం, సామాను సర్దడం, పాలు పొంగించడం. ఐదేళ్లవాడికి వాటిలో ఏదీ పట్టదు.

దానికి తోడు ‘రెండు రోజులు’ అన్న మాట. రెండు రోజులు పోయి రెండు నెలలు దాటాయి. ఇల్లు కొత్తదని కొన్నాళ్లకు మర్చిపోతాడు. అమ్మ చెప్పిన లెక్క తప్పిందని మాత్రం అంత తొందరగా మర్చిపోడు. అందుకే రోజూ అడుగుతున్నాడు. మొండితనం అనుకోకండి, చెప్పిన మాట ఇంకా చెల్లుతుందా లేదా అని చూసుకుంటున్నాడు. మీరు ‘వచ్చే వారం’, ‘నాన్నకు సెలవు దొరికితే’ అంటున్నకొద్దీ ఆ ప్రశ్న బతికే ఉంటుంది.

కాబట్టి మొదటి పని, వాడికి నిజం చెప్పడం. రాత్రి పడుకునే ముందు చెప్పకండి. సెలవు రోజు పొద్దున, కడుపు నిండా తిన్నాక, మీ ఆయన కూడా పక్కన కూర్చుని ఉండగా చెప్పండి. మాటలు వాడి వయసుకు తగ్గట్టు ఉండాలి. “నాన్న ఆఫీసు ఇప్పుడు ఇక్కడుంది. అందుకే మనం నలుగురం ఇక్కడ ఉంటాం. నల్గొండ ఇల్లు ఎక్కడికీ పోలేదు, అక్కడ తాత, నాయనమ్మ ఉన్నారు. పండుగలకు, సెలవులకు పోతాం, మళ్లీ ఇక్కడికి వస్తాం. ఆ రోజు రెండు రోజులే అని చెప్పాం కదా, అది తప్పు. నిన్ను నిద్రలో తీసుకొచ్చాం, అదీ తప్పు. ఇంకెప్పుడూ నీకు చెప్పకుండా ఎక్కడికీ తీసుకుపోం.” ఇంతే. ఏడుస్తాడు. బాగా ఏడవొచ్చు కూడా. అప్పుడు బిస్కెట్ పాకెట్టో ఫోనో చేతిలో పెట్టి నోరు మూయించొద్దు. ఒళ్లో పెట్టుకుని కూర్చోండి చాలు. జూన్‌లో ఏడవాల్సిన ఏడుపు అది.

తర్వాత కూడా కొన్నాళ్లు అదే అడుగుతాడు. అదే జవాబు, అవే మాటలు, విసుక్కోకుండా చెప్పండి. ఇంట్లో ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి. మీరు నిజం చెప్పి, ఆయన సాయంత్రం ‘పోదాంలే బాబూ’ అన్నారంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

పక్క తడపడం గురించి. ఆరు నెలలకు పైగా ఆగి మళ్లీ మొదలైతే మనసులోని దిగులు ఒక కారణం కావచ్చు. అయితే అదొక్కటే అని మనకు మనమే తేల్చుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, అరుదుగా షుగర్ వల్ల కూడా ఇట్లా అవుతుంది. ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించి మూత్రపరీక్ష చేయించండి. మంట అంటున్నా, మరీ దాహంగా ఉండి మాటిమాటికీ నీళ్లు తాగుతున్నా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకండి. పరీక్షలో ఏమీ లేదని తేలితే నిశ్చింతగా మిగతా పని చూసుకోవచ్చు.

మీరు రాసిన ఇంకో మాట, బాత్రూమ్ బయట మెట్ల పక్కన. పాత ఇంట్లో వాడు చీకట్లో ఒక్కడే వెళ్లాల్సిన అవసరం వచ్చి ఉండదు. ఇక్కడ సగం నిద్రలో మెలకువ వచ్చినా, తలుపు తీసి మెట్ల దగ్గరికి పోవాలంటే వణుకు పుట్టి మళ్లీ దుప్పటి కప్పుకుంటాడు. మెట్ల దగ్గర ఒక జీరో బల్బు రాత్రంతా వెలగనివ్వండి. రాత్రికి గదిలోనే ఒక మగ్గో పాత డబ్బానో పెట్టినా తప్పేం లేదు. నీళ్లు పగలంతా బాగా తాగించి, పడుకునే ముందు గంట రెండు గంటలు తగ్గించండి. పడుకోబోయే ముందు మీరే తీసుకెళ్లి పోయించండి. పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద పాత చీర మడత వేస్తే తెల్లారి చాకిరీ తగ్గుతుంది. తడిపినప్పుడు అక్క ముందు, ఇంటి ఓనరమ్మ ముందు ఆ ప్రస్తావనే తేవద్దు. పక్క ఆరేసేటప్పుడు నలుగురికీ కనిపించేలా వేయొద్దు. ‘సిగ్గు లేదా, ఇంత పెద్దోడివి’ అని ఒక్కసారి అన్నా నెల రోజులు వెనక్కి పోతారు.

నల్గొండ నుంచి వాడి పాత బొంత వచ్చిందా? లేకపోతే తెప్పించండి. నాయనమ్మ చీరలతో కుట్టినదైతే మరీ మంచిది. తెప్పించాక ఉతకకండి. కొత్త ఇంటి కోసం కొత్త దుప్పట్లు కొంటాం మనం, బిడ్డకు కావలసింది పాత వాసన.

ఇప్పుడు మీ అత్తమ్మ మాట. బాబును ఈ ఏడాది అక్కడే ఉంచడం నాకు సరి అనిపించడం లేదు, కారణం చెప్తాను. నేను చాలా ఏళ్లు పాలమూరు (మహబూబ్‌నగర్) బడుల్లో పాఠాలు చెప్పాను. అమ్మానాన్నలు మట్టి పనికో భవనాల పనికో ముంబై, పుణె, హైదరాబాద్ పోతే, అవ్వతాతల దగ్గర ఉండి చదువుకునే పిల్లలు ఏ తరగతిలో చూసినా ఉండేవాళ్లు. వాళ్లు చెడిపోయారని అనను. అవ్వలు ప్రాణం పెట్టి పెంచారు, పిల్లలూ నిలదొక్కుకున్నారు. అయితే అది గతిలేక చేసుకున్న ఏర్పాటు. బడి వదిలే వేళ గేటు దగ్గర వేరే పిల్లల అమ్మలు నిలబడి ఉంటే, వీళ్లు వాళ్ల చేతుల్లోని టిఫిన్ బాక్సుల వైపు చూసే చూపు నేనెరుగుదును. మీకు ఆ గతి పట్టలేదు. పైగా అక్క ఇక్కడ, తాను అక్కడ అంటే బాబుకు అర్థమయ్యేది ఒక్కటే: పక్క తడిపినందుకు, ఏడ్చినందుకు నన్ను వదిలేశారు. ఏడాది తర్వాత తిరిగి తెచ్చుకునేటప్పుడు ఇదంతా ఇంకోసారి మొదలుపెట్టాలి.

ఆమెతో ఈ మాట మీరు అనకండి, మీ ఆయన అనాలి. కోడలు చెప్తే బిడ్డను దూరం చేసిందని మిగులుతుంది, కొడుకు చెప్తే ‘వాడికీ మనసు ఒప్పడం లేదు’ అవుతుంది. వద్దని చెప్పి ఊరుకోకుండా, ‘నువ్వే వచ్చి పదిహేను రోజులు ఉండు అమ్మా’ అని పిలవాలి. రెండు గదులే కదా అనుకోకండి. నాయనమ్మ ఆ ఇంట్లో కూర్చుని బువ్వ కలిపి పెడితే, ఆ మెట్ల మీద వాడితో కూర్చుంటే, ఇదీ మన ఇల్లే అని వాడికి నమ్మకం కుదురుతుంది. మనం ఎంత చెప్పినా రాని నమ్మకం అది.

వీడియో కాల్ మానొద్దు, వేళ మార్చండి. రాత్రి పడుకునే ముందు నాయనమ్మ కన్నీళ్లు చూసి పడుకుంటే ఏ బిడ్డకు నిద్ర పడుతుంది? సాయంత్రం బడి నుంచి రాగానే పెట్టుకోండి. ఆమెకూ ఒక మాట చెప్పాలి, నెమ్మదిగా. ఏడవొద్దని అంటే ఇంకా ఏడుస్తుంది. ‘వాడికి జామచెట్టు చూపించు, తాత ఏం చేస్తున్నాడో చెప్పు, పక్కింటి మేక ఈనిందా చెప్పు’ అని పని అప్పజెప్పండి. మాట్లాడడానికి సంగతి ఉంటే పెద్దవాళ్లకూ ఏడుపు తగ్గుతుంది.

దసరాకు తప్పకుండా తీసుకెళ్లండి. మొండికేస్తాడని భయపడి ఆపితే, ఆ ఇల్లు నిజంగానే పోయిందని అనుకుంటాడు. ఎట్లా తీసుకెళ్తారన్నదే ముఖ్యం. కారు వద్దు, రాత్రి ప్రయాణం అసలే వద్దు. పొద్దున బస్సెక్కండి. కిటికీ పక్క సీటు వాడిది. ఇది జడ్చర్ల, ఇది కల్వకుర్తి, ఇది దేవరకొండ, తర్వాత మన నల్గొండ అని ఊరూరూ చెప్తూ పొండి. నేరుగా పోయే బస్సు దొరక్క దేవరకొండలో దిగి మారాల్సి వచ్చినా నష్టం లేదు, బస్టాండులో ఏదన్నా కొనిపెట్టండి, ఆ ఊరు గుర్తుండిపోతుంది. రెండు ఇళ్ల మధ్య ఒక దారి ఉందని, ఆ దారిలో పోవచ్చు, రావచ్చు అని వాడి కళ్లతో వాడు చూడాలి. ఆ రాత్రి మీరు వాడికి చూపించకుండా దాటించింది ఆ దారినే.

బయల్దేరక ముందే తిరిగొచ్చే రోజు చెప్పండి. క్యాలెండర్ మీద వాడి చేతనే గీత పెట్టించండి. ఈసారి చెప్పిన రోజుకే తిరిగి రావాలి, ‘ఇంకో రోజు ఉందాంలే’ అని సాగదీయొద్దు. ఒకసారి మాట తప్పింది కదా, ఇప్పుడు ఒక మాట నిలబెట్టుకోవాలి. వచ్చే రోజు వాణ్ణి వెంటబెట్టుకుని ఇల్లంతా తిరగండి. ‘పోయొస్తా’ అని తాతకు, నాయనమ్మకు, జామచెట్టుకు, గల్లీలో స్నేహితులకు చెప్పించండి. అక్కడి నుంచి ఏదైనా ఒకటి తెచ్చుకోనివ్వండి. విరిగిన బండి చక్రం తెస్తానన్నా సరే. తిరుగు ప్రయాణంలో నిద్రపోతే, పాలమూరు రాకముందే జడ్చర్ల దగ్గర లేపండి. నడిచొచ్చి తన చేత్తోనే తాళం తీయాలి.

పెద్దపిల్ల సంగతికి వస్తాను. ఏడ్చేవాణ్ణి అందరం చూస్తాం, ఏడవనిదాన్ని సర్దుకుపోయిందని అనుకుంటాం. పన్నెండేళ్ల వయసులో స్నేహితురాళ్లే సగం లోకం. ఆ సగం ఒక్క రాత్రిలో పోయింది. అమ్మ ఇప్పటికే తమ్ముడితో తంటాలు పడుతోందని ఆ పిల్ల నోరు మూసుకుని ఉండొచ్చు, ఆడపిల్లలు ఈ పని చాలా చిన్నప్పుడే నేర్చుకుంటారు. ఫోన్ లాక్కోకండి. వేళ పెట్టండి, అంతే. భోజనాల దగ్గర, పడుకునే ముందు వద్దు అనండి. పాత స్నేహాలు తెంచితే కొత్తవి వస్తాయనుకోవడం పొరపాటు. పాత స్నేహం గట్టిగా ఉన్న పిల్లే కొత్తవాళ్లతో ధైర్యంగా మాట్లాడుతుంది. దసరా సెలవుల్లో అక్కడ వాళ్లను కలవనివ్వండి, వీలైతే ఒక ఫ్రెండ్‌ను రెండు రోజులు ఇక్కడికి పిలుచుకోండి. పిల్లలమర్రి చూపిస్తాననండి. ఊరికి నాలుగు కిలోమీటర్లే. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ బాటిళ్లు కట్టి చుక్క చుక్కగా మందెక్కించారు. మన పాప ఆ కథ తన ఊరి కథలా ఇంకొకరికి చెప్పిందంటే సగం పని అయినట్టే. అట్లాగే ఇక్కడి క్లాసులో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గురించి చెప్పమనండి. గర్భగుడిలో రోజంతా ఒకేచోట నిలిచే నీడ గురించి విన్నాక ఏ పిల్లలైనా రెండు ప్రశ్నలు అడగకుండా ఉండరు.

రెండు గదుల ఇంట్లో ఆ పిల్లకు వేరే గది ఇవ్వలేరు. ఒక మూల ఇవ్వగలరు. కిటికీ దగ్గర ఒక బల్ల, తాళం పడే ఒక చిన్న పెట్టె, తమ్ముడు ముట్టకూడదన్న ఒక రూలు. గోడకు ఏం అంటించుకోవాలో తనిష్టం, ఓనరమ్మతో మీరు మాట్లాడుకోండి.

టీసీ సంగతి మాత్రం రేపే తేల్చండి. టీచరుగా చెప్తున్నా, రిజిస్టర్ చివర పెన్సిల్‌తో రాసిన పేరుకు ‘ప్రెజెంట్’ చెప్పడం ఎంత చిన్నతనంగా ఉంటుందో పెద్దవాళ్లకు తెలియదు. దానికి తోడు రోజూ అందరి ముందు లేపి అడగడం! విద్యాహక్కు చట్టం 2009 లోని 5వ సెక్షన్ ప్రకారం, ఎనిమిదో తరగతి లోపు పిల్లలు సర్కారు బడికో ఎయిడెడ్ బడికో మారుతుంటే, పాత బడి హెడ్మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు, వాయిదా వేయకూడదు. మీరు వెళ్లి హెడ్మాస్టర్‌ను కలవండి. గొడవ అక్కర్లేదు. ‘కాగితం నేను తెప్పిస్తాను సార్, ఏదన్నా ఉంటే నన్నడగండి, పిల్లను క్లాసులో లేపొద్దు’ అని చెప్తే చాలామంది అర్థం చేసుకుంటారు. నల్గొండలో మీ మామగారిని పాత బడికి పంపి టీసీ తీయించండి. ఆయనకూ మనవరాలి కోసం ఒక పని చేసినట్టుంటుంది.

ఇంకో నెలలో బతుకమ్మ. మీకు ఇక్కడ దొరికే పెద్ద వాకిలి అదే. పిల్లను ‘పో, వాళ్లతో ఆడుకో’ అని తోస్తే పోదు, ఆ వయసులో ఎవరూ పోరు. ముందు మీరు పోవాలి. ఇప్పుడే కింద ఓనరమ్మనో పక్కింటావిడనో ‘ఈ గల్లీలో ఎక్కడాడతారు, తంగేడు పువ్వు ఎక్కడ దొరుకుతుంది’ అని అడగండి. పూల గురించి అడిగితే ముఖం తిప్పుకునే ఆడమనిషిని నేను తెలంగాణలో చూడలేదు. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు గునుగు పూల కట్టలు కోయడం, రంగులద్దడం పాపకు వదిలేయండి. తాంబాళం ఎంత ఉండాలి, ఏ వరసలో ఏ రంగు రావాలి అన్నీ తనే చెప్పనీ. తమ్ముడు బంతిపూలు అందిస్తాడు. మీరు ఆ గుంపులో నిలబడి చప్పట్లు కొడుతుంటే, పాప మొదటి రోజు గోడ పక్కన నిలబడొచ్చు, నిలబడనివ్వండి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మనే పేర్చరు. అమ్మవారికే ఒక రోజు అలక చెల్లుతున్నప్పుడు మన పిల్లకు నాలుగు రోజులు చెల్లదా? చివరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి మీరు నల్గొండలో ఉంటారు కాబట్టి మొదటి కొన్ని రోజులు ఇక్కడ ఆడి పొండి. తిరిగొచ్చేసరికి ‘పండుగ ఎట్లయింది’ అని అడిగే మనుషులు నలుగురు తయారవుతారు.

మీ గురించి ఒక్క వాక్యమే రాసుకున్నారు, చివర్లో. పిల్లలు మన ముఖం చూసే ఇంటిని కొలుస్తారు. మీరు రోజంతా ఆ రెండు గదుల్లో ఒంటరిగా కూర్చుంటే, ఇది ఉండదగ్గ చోటు కాదని వాళ్లకు చెప్పకుండానే తెలిసిపోతుంది. సాయంత్రం బాబును తీసుకుని రోజూ ఒకే దారిలో నడవండి, ఒకే కూరగాయలామె దగ్గర కొనండి. పది రోజులకు ఆమె వాడికి ఒక క్యారెట్ చేతిలో పెడుతుంది. మీ ఆయన తొమ్మిదింటికి వస్తే రోజూ కుదరకపోవచ్చు, ఆదివారం మాత్రం పిల్లలది. ఒక పూట బాబుతో, ఒక పూట పాపతో, వేరువేరుగా. ఉద్యోగం కోసం ఇంటిని కదిలించింది ఆయన, కుదుర్చుకునే భారం మొత్తం మీ మీద పడితే న్యాయం కాదు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

ఇవన్నీ చేస్తూ దసరా తర్వాత ఇంకో నెల చూడండి. అప్పటికీ బాబు నిద్ర కుదుటపడకపోతే, తిండి తగ్గితే, లేదా పాప బడికి పోనని మంకుపట్టు పట్టినా, ఇష్టమైన పనులన్నీ వదిలేసినా, మానసిక వైద్యులను కలవండి. పాప నోటి నుంచి ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట వస్తే నెల కాదు, ఒక్క రోజు కూడా ఆగొద్దు. మనసు బాగోలేనప్పుడు ఫోన్లో సాయం చేయడానికి ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. డబ్బులేమీ తీసుకోరు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అది పిల్లల కోసమే అనుకోకండి, మధ్యాహ్నం పూట మీకు మనసు బాగోలేకపోతే మీరు కూడా చేయొచ్చు.